పర్లాకిమిడిలో పాత లాప్‌టాప్ మీద ఆర్చ్ లినక్స్: ఎనిమిది నెలల తర్వాత

ముందు మెషీన్ సంగతి. 2012లో కొన్న లాప్‌టాప్. ఐ3 ప్రాసెసరు, 4 జీబీ ర్యామ్. బ్యాటరీ చచ్చి రెండేళ్ళయింది, ఛార్జర్ వైరు కాలికి తగిలి ఊడితే ఠక్కున ఆరిపోతుంది. హార్డ్ డిస్కు కిరకిరమంటోందని ఈ ఫిబ్రవరిలో బరంపురం వెళ్ళినప్పుడు 240 జీబీ ఎస్‌ఎస్‌డీ కొని వేయించాను. మార్చిలో ఒక ఆదివారం దాని మీద విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, ఆర్చ్ లినక్స్ ఎక్కించాను. ఎక్కించాను అంటే నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్ కాదు. ఒక్కో కమాండూ చేత్తో కొట్టి ఎక్కించాను. ఇప్పుడు 2025 నవంబరు. రోజూ దీని మీదే పని చేస్తున్నాను కాబట్టి రివ్యూ రాసే అర్హత వచ్చిందనుకుంటున్నాను.

నా పని ఇంట్లోనే డీటీపీ. శుభలేఖలు, ట్యూషన్ సెంటర్ల ప్రశ్నపత్రాలు, అర్జీలు. మా ఊరు ఒడిశాలో ఉంది గాని నాలుగడుగులు వేస్తే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇక్కడ పెళ్ళంటే వియ్యంకులు ఒకరు అటు, ఒకరు ఇటు. శుభలేఖలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఒడియా, కింద ఇంగ్లీషులో ఫోన్ నంబర్లు. ఒకే ఫైల్లో మూడు లిపులు తిప్పుకుంటూ కూర్చునే మనిషి రాస్తున్న రివ్యూ ఇది. గేములు, వీడియో ఎడిటింగ్ జోలికి నేను పోలేదు.

ఆర్చ్ గురించి రెండు ముక్కలు. 2002 మార్చిలో జడ్ వినెట్ అనే కెనడా ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. 2007లో ఆరన్ గ్రిఫిన్ చేతికి, 2020లో లెవెంటె పోలియాక్ చేతికి వచ్చింది. ఉచితం, సోర్సు కోడు ఎవరైనా చూడొచ్చు. 2017లో 32 బిట్ మెషీన్లని వదిలేశారు, కాబట్టి అటక మీది మరీ పాత డబ్బాలు దింపకండి. ఈ ఏడాది వెర్షన్, వచ్చే ఏడాది వెర్షన్ అని ఉండదు. ఒకసారి ఎక్కిస్తే అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. నెలకోసారి కొత్త ఐఎస్‌ఓ ఫైలు పెడతారు, అది ఎక్కించుకోవడానికి మాత్రమే.

ఇవన్నీ ఎలా ఉన్నా, తెలుసుకోవలసింది ఒకటే. ఆర్చ్‌లో మీరు అడిగింది ఉంటుంది, అడగనిది ఉండదు. ఏది అడగలేదో కూడా అది చెప్పదు. నా తిట్లూ నా మెచ్చుకోళ్ళూ రెండూ ఇక్కడినుంచే పుట్టాయి.

2021 ఏప్రిల్ నుంచి ఐఎస్‌ఓలోనే ఆర్చ్‌ఇన్‌స్టాల్ అని ఒక మెనూ ఇస్తున్నారు. ప్రశ్నలకి జవాబులు చెబితే అదే ఎక్కించేస్తుంది. భువనేశ్వర్‌లో చదువుతున్న మా అక్క కొడుకు "పిన్నీ, అది వాడు, గొడవ ఉండదు" అన్నాడు. నేనే వద్దన్నాను. రేపు వాడికి పరీక్షలున్న రోజున ఏదైనా పాడైతే, నేను పెట్టని వస్తువు ఎక్కడుందో నాకేం తెలుస్తుంది? ఆ మాటకి ఆదివారం మొత్తం, సోమవారం సగం కట్టాను.

డౌన్‌లోడ్ అయిన ఫైలు అసలైనదో కాదో చూసుకోవడానికి షా-256 అని 64 అక్షరాల వరుస ఇస్తారు. విండోస్‌లో సర్ట్‌యూటిల్ అనే కమాండ్‌తో మన ఫైలుకి అదే వరుస తీసి పోల్చుకోవచ్చు. ప్రూఫులు దిద్దిన అలవాటు కదా, నాకు ఇది సరదాగానే అనిపించింది. తర్వాత ఆ ఫైలుని పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించి, లాప్‌టాప్‌ని దాన్నుంచి బూట్ చేశాను. నల్ల తెర, పైన నాలుగు తెల్ల వరుసలు, చివర మినుకుమనే గీత. ఇక బొమ్మ లేదు, బటన్ లేదు. అత్తయ్య గుమ్మంలోంచి తొంగి చూసి, "ఏటే ఇది, అంతా నల్లగున్నాది? కాలిపోయిందేటి?" అన్నారు.

నాకు చత్వారం వచ్చింది. ఆ అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. సెట్‌ఫాంట్ టెర్-132బి అని కొడితే పెద్దబాలశిక్ష అక్షరాలంత అయ్యాయి. ఈ ఒక్క కమాండూ ముందు తెలిసి ఉంటే తలనొప్పి బిళ్ళ మిగిలేది.

ఇంటర్నెట్‌కి ఫోన్ యూఎస్‌బీ తాడే పెట్టాను. ఫోన్లో టెథరింగ్ నొక్కగానే నెట్ వచ్చేసింది, ఏమీ అడగలేదు. (ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత ఇదే నన్ను ముంచింది.) స్విచ్ వేయగానే కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రాం రెండు రకాలు. ఈ మెషీన్ కొత్తరకం యూఈఎఫ్‌ఐదా, పాత బయోస్‌దా అని చూడడానికి ఒక ఫైలు చదవమంటారు. ఆ ఫైలే లేదంటే పాత బయోస్ అని అర్థం. నాది పాతదే. దాన్ని బట్టే డిస్కు విభజన, గ్రబ్ (డిస్కులోని సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) పెట్టే పద్ధతి మారిపోతాయి. కాబట్టి నెట్‌లో ఎవరిదో వీడియో చూసి కొట్టేముందు మీ మెషీన్ ఏదో తేల్చుకోండి.

డిస్కు విభజన దగ్గర చేతులు వణికాయి. ఎస్‌డీఏ అంటే ఏది, ఎస్‌డీబీ అంటే ఏది? ఒకటి నా కొత్త ఎస్‌ఎస్‌డీ, రెండోది నేను బూట్ చేసిన పెన్‌డ్రైవ్. ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని కొడితే సైజులు చూపించింది. ఒకటి 223.6జీ. గుండె గుభేలుమంది, నేను కొన్నది 240 కదా! అట్ట మీద కంపెనీలు వెయ్యికి వెయ్యి లెక్కన రాస్తాయి, కంప్యూటర్ 1024 లెక్కన చెబుతుంది. 240 జీబీ డిస్కు 223.6గానే కనబడుతుందని మా వాడు ఫోన్లో చెప్పేదాకా షాపువాడిని మనసులో నానా మాటలూ అన్నాను. పాపం.

స్వాప్‌కి (ర్యామ్ నిండితే వాడుకునే చోటు) 4 జీబీ, మిగతాదంతా ఒకే పార్టిషన్, అంటే ఒకే భాగం. ఎక్కువ ఆలోచించలేదు.

ఇక ప్యాక్‌స్ట్రాప్. ఖాళీ డిస్కు మీద సిస్టమ్‌ని దింపేది ఇదే. మూడు పేర్లు ఇచ్చాను: బేస్, లినక్స్, లినక్స్-ఫర్మ్‌వేర్ (వైఫై లాంటి పరికరాలు నడవడానికి కావలసిన ఫైళ్ళు). వరసగా ప్యాకేజీలు దిగుతున్నాయి, పక్కన గీతలు నిండుతున్నాయి. ఫర్మ్‌వేర్ ఒక్కటే వందల ఎంబీలు. సగంలో ఉండగా కరెంటు పోయింది. మార్చి ఎండలు, మాకిది మామూలే. ఫ్యాను ఆగిన శబ్దం, లాప్‌టాప్ ఆరిన శబ్దం ఒకేసారి వినబడ్డాయి. ఇన్వర్టర్ హాల్లోని రెండు లైట్లకీ, అత్తయ్య గది ఫ్యానుకీ మాత్రమే ఇచ్చారు, నా టేబుల్‌కి కాదు. నలభై నిమిషాల తర్వాత కరెంటు వచ్చాక మళ్ళీ పెన్‌డ్రైవ్, మళ్ళీ చీమల బారు. అర్ధంతరంగా రాసిన దాని మీద నమ్మకం లేక పార్టిషన్ మళ్ళీ ఫార్మాట్ చేసి మొదటినుంచి దింపాను. అప్పటికి ఫోన్లో ఆ రోజు 2 జీబీ డేటా అయిపోయింది. ఇంకో ప్యాక్ వేయించాను. ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఇదీ. రెండోసారి కూర్చున్నప్పుడు ముందు చేసిన పని టేబుల్‌ని అత్తయ్య గదిలోకి జరపడం.

డిస్కులోకి దిగడానికి ఆర్చ్-క్రూట్ అని కొడితే, ఇక మనం పెన్‌డ్రైవ్‌లో కాకుండా కొత్త సిస్టమ్ లోపల ఉన్నట్టు. అక్కడ భాషల ఫైలు తెరిచి మనకి కావలసిన వాటి ముందున్న గుర్తు తీసేయాలి. తెరుద్దామని నానో అనే ఎడిటర్ పేరు కొట్టాను. ఆ కమాండే లేదంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న నానో కొత్త సిస్టమ్‌లో లేదు, ఎందుకంటే నేను అడగలేదు. బేస్‌లో ఎడిటర్ రాదు. అద్దింట్లో దిగాక బాత్‌రూమ్‌లో మగ్గు లేదని తెలిసినట్టు. ఆర్చ్‌లో ప్యాకేజీలు దింపే కమాండ్ ప్యాక్‌మన్. దానితో నానో దింపుకుని తెరిచాను. అదృష్టం, ఇంకా నెట్ ఉంది.

తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు లొకేల్స్ (భాషల సెట్టింగులు) పెట్టాను. సంబరంలో సిస్టమ్ భాష కూడా తెలుగే అని రాసేశాను. అది అర్ధరాత్రి అతితెలివి. లినక్స్ నల్ల తెరకి తెలుగు రాయడం చేతకాదు. ఆ తెర ఫాంటులో 512 అక్షరాలకి మించి పట్టవు, పైగా గుణింతాలూ ఒత్తులూ కూర్చే పని దానికి తెలియదు. తర్వాత బూట్ చేసి తేదీ అడిగితే వరసగా డబ్బాలు కనబడ్డాయి. మార్చి అని రాసే ఉంది పాపం, చూపించలేకపోతోంది. సిస్టమ్ భాష భారతీయ ఇంగ్లీషు చేసి, తెలుగుని డెస్క్‌టాప్ దాకా ఆపాను.

గ్రబ్ దగ్గర ఒకటే జాగ్రత్త. పాత బయోస్ మెషీన్లో డిస్కు పేరు ఇవ్వాలి, పార్టిషన్ నంబరు కాదు. అది చదివే చేశాను, ఒక్కసారికే పడింది. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా పడవు, కీబోర్డు చచ్చిందనుకోకండి.

రీబూట్. పెన్‌డ్రైవ్ తీసేశాను. లాగిన్ వచ్చింది. రాత్రి పదకొండున్నరకి, ఇంట్లో అందరూ పడుకున్నాక, లాగిన్ అనే ఆ ఒక్క మాట చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. డెస్క్‌టాప్ దింపుదామని ఫోన్ తాడు పెట్టాను. నెట్ లేదు. తీసి పెట్టాను. లేదు. ఫోన్ ఆపి వేశాను. లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నప్పుడు అడక్కుండానే వచ్చిన నెట్ కదా! అదే తేడా. పెన్‌డ్రైవ్‌లో ఆ సెట్టింగు వాళ్ళు చేసి ఇస్తారు, నా డిస్కులో నేను చేసుకోవాలి. నెట్‌వర్క్ మేనేజర్ దింపుకోవాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే నెట్‌వర్క్ మేనేజర్ కావాలి. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

సోమవారం పొద్దున్న మళ్ళీ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, డిస్కు తగిలించి, లోపలికి దిగి నెట్‌వర్క్ మేనేజర్ పెట్టాను. ప్యాకేజీ పేరు మొత్తం చిన్న అక్షరాలు. సర్వీసు ఆన్ చేసేటప్పుడు మాత్రం ఎన్, ఎం రెండూ పెద్ద అక్షరాలు ఉండాలి. చిన్నవి కొడితే అలాంటి సర్వీసే లేదంటుంది. ఇది కనిపెట్టడానికి ఇరవై నిమిషాలు. అప్పటికి పొయ్యి మీద పప్పు మాడింది.

డెస్క్‌టాప్‌గా, అంటే కిటికీలూ మెనూలూ చూపించేదిగా, ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టాను. ఆ తర్వాత రెండు వారాలు ఏదో ఒకటి లేదని తెలుసుకోవడమే పని. సౌండ్ లేదు: పైప్‌వైర్, వైర్‌ప్లంబర్ అడగలేదు. లాగిన్ తెర రాలేదు: లైట్‌డీఎం అడిగాను గాని దానికి ముఖం లాంటి గ్రీటర్ వేరే ప్యాకేజీ. పెన్‌డ్రైవ్ పెడితే ఫైల్ మేనేజర్లో కనబడలేదు: జీవీఎఫ్‌ఎస్ లేదు. ప్రింటర్ పని చేయలేదు: కప్స్ లేదు. ప్రతిదీ ఐదు నిమిషాల పనే, ఏది లేదో తెలిస్తే. అన్నీ పెట్టాక చూస్తే ఖాళీగా ఉన్నప్పుడు దాదాపు 480 ఎంబీ ర్యామ్ వాడుతోంది. 4 జీబీ మెషీన్లో లిబ్రేఆఫీస్, బ్రౌజరు రెండూ తెరిచి ఉంచి పని చేసుకుంటున్నాను. పాత మెషీనే ఇది, నమ్మలేం.

ఇప్పుడు నాకు అసలు కావలసిన భాగం. కీబోర్డు.

కీబోర్డు సెట్టింగులుండే ఎక్స్‌కేబీ ఫైల్లో మూడు లేఅవుట్లు రాశాను: ఇంగ్లీషు, తెలుగు, ఒడియా. ఒకేసారి నాలుగుకి మించి పట్టవు, నాకు మూడు చాలు. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఒకదాన్నుంచి ఇంకోదానికి తిరుగుతాయి. ఫైల్లో వేరియంట్ (లేఅవుట్‌లో ఏ రకమో చెప్పేది) వరస రాసేటప్పుడు ఇంగ్లీషుకి వేరియంట్ లేదు కాబట్టి కామాతో మొదలుపెట్టాలి. ఆ మొదటి కామా లేకపోతే లెక్క ఒక గది పక్కకి జరిగిపోతుంది. ఒక్క కామా కోసం ఒక సాయంత్రం పోయింది. అర్జీల్లో కామాలు దిద్ది డబ్బులు తీసుకునే దాన్ని, నాకే పడింది శిక్ష.

ఇందులోవి ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్లు. ఇన్‌స్క్రిప్ట్ అందం ఏమిటంటే ఏ భారతీయ లిపికైనా ఒకే శబ్దం ఒకే మీట మీద ఉంటుంది. ఇంగ్లీషు కే ఉన్న చోట తెలుగులో క, ఒడియాలో కూడా క. హెచ్ మీద ప, జే మీద ర, ఎల్ మీద త. డీ నొక్కితే పొల్లు. తెలుగు పేజీలో పెళ్ళికొడుకు పేరు కొట్టి, ఆల్ట్ షిఫ్ట్ నొక్కి, అవే వేళ్ళతో అదే వరసలో కొడితే ఎదురు పేజీలో ఒడియాలో పడుతుంది. చూసేవాళ్ళకి గారడీలా ఉంటుంది. డీటీపీలో వాడే అను ఫాంట్ల ఆపిల్ అనే కీబోర్డు పద్ధతికి చేతులు అలవాటు పడ్డవాళ్ళు ఐబస్, ఎం17ఎన్ అనే టైపింగ్ ప్యాకేజీలు పెట్టుకోండి, అందులో ఆపిల్ పద్ధతి కూడా ఉంది. కానీ పాత అను ఫైళ్ళు యూనికోడ్‌లో (అన్ని లిపులకీ ఉమ్మడిగా ఉన్న అక్షరాల పద్ధతి) ఉండవు, అవి ఇక్కడ తెరిస్తే పిచ్చి గీతలే. వాటి కోసం పాత డెస్క్‌టాప్‌ని విండోస్‌తో అలాగే ఉంచాను. డీటీపీవాళ్ళు ఎవరైనా ఈ రివ్యూ చదివి ఉన్న ఒక్క మెషీన్నీ తుడిచేస్తారేమోనని భయపడి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఫాంట్లు కూడా అడగాలి. అడిగేదాకా తెలుగు వెబ్‌సైట్లన్నీ డబ్బాలే. నోటో ఫాంట్లు అనే ఒక్క ప్యాకేజీ దింపితే తెలుగు, ఒడియా, దేవనాగరి అన్నీ వచ్చేశాయి. శుభలేఖల తలకట్టుకి మాత్రం గిడుగు ఫాంటు వాడుతున్నాను. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది. మన వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పేరే దానికి పెట్టారు. ఆయన ఉద్యోగం చేసింది మా పర్లాకిమిడిలోనే కదా, అందుకని ఇక్కడి శుభలేఖ మీద ఆ ఫాంటు చూస్తే నాకు అదో తృప్తి. ఇంటి ఫోల్డర్లో లోకల్, షేర్, ఫాంట్స్ అనే దారిలో ఫైలు వేసి ఎఫ్‌సీ-క్యాష్ కొడితే చాలు.

గిడుగు వారి పేరు వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఆయన గిరిజనులైన సవరల భాష నేర్చుకుని నిఘంటువు కట్టారు. సవరలకి సొరంగ్ సొంపెంగ్ అని సొంత లిపి ఉంది, 1936లో మంగేయి గొమాంగో చేశారు. అది 2012లో యూనికోడ్‌లోకి వచ్చింది. నోటో ప్యాకేజీలో ఆ లిపి ఫాంటు కూడా ఉంది, నేను అడగకుండా నాకు వచ్చినది ఆర్చ్‌లో ఇదొక్కటేనేమో. గుమ్మ అనే ఊరి వైపు నుంచి ప్రశ్నపత్రాలు టైపు చేయించుకోవడానికి ఒక సవర మాస్టారు వస్తారు. క్యారెక్టర్ మ్యాప్ తెరిచి ఆ అక్షరాలు పెద్దవి చేసి చూపించాను. ఆయన ఆ లిపిలో చదవలేరు, ఒడియా లిపిలోనే సవర రాస్తారు. అయినా కళ్ళజోడు పైకి జరిపి చాలాసేపు చూశారు. ప్రింటు తీసి ఇమ్మన్నారు. ఆ పేజీకి డబ్బులు తీసుకోలేదు.

లిబ్రేఆఫీస్‌లో ఒక చిక్కు ఉంది. తెలుగు, ఒడియా లాంటివాటిని అది వేరే కుప్పలో వేస్తుంది, సీటీఎల్ అంటారు. మామూలుగా డిఫాల్ట్ ఫాంటు మారిస్తే ఇంగ్లీషుకే మారుతుంది, తెలుగుకి విడిగా మార్చాలి. ఇది ఆర్చ్ తప్పు కాదు గాని ఇక్కడికి వచ్చేవాళ్ళందరూ తగిలే గుంత. టెర్మినల్ కిటికీలో తెలుగు ఒత్తులు విడిపోయి కనబడితే కంగారు పడకండి, ఆఫీసులో, బ్రౌజరులో సరిగ్గానే ఉంటుంది.

అప్‌డేట్ల సంగతి. ప్యాక్‌మన్ చాలా వేగం. దాని సెట్టింగుల ఫైల్లో ఐలవ్‌క్యాండీ అని ఒక వరుస రాస్తే డౌన్‌లోడ్ గీత బదులు సీ అక్షరం నోరు తెరిచి మూస్తూ చుక్కలు తింటూ పోతుంది. మా పాప దీనికోసమే ఆదివారం పొద్దున్న అప్‌డేట్ ఎప్పుడు చేస్తావని అడుగుతుంది. వారానికి నాకు 300 నుంచి 800 ఎంబీ దాకా దిగుతోంది. ఫోన్ డేటా మీద బతికేవాళ్ళు ఇది లెక్కలో వేసుకోండి.

ఒక రోజు పనుల మధ్యలో అప్‌డేట్ కొట్టాను. సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ మారింది, నేను రీబూట్ చేయలేదు. అప్పుడే ఒకాయన పెన్‌డ్రైవ్‌తో వచ్చారు, మూడింటికల్లా పాంప్లెట్ కావాలి. పెడితే తెరుచుకోదు. పాత కెర్నెల్ నడుస్తోంది, పెన్‌డ్రైవ్ లాంటివి చదవడానికి దానికి కావలసిన ముక్కల్ని, అంటే మాడ్యూళ్ళని, అప్‌డేట్ తీసేసింది. రీబూట్ చేస్తే సరిపోయేది, ఆ సంగతి తట్టేసరికి ఆయన పక్క వీధికి వెళ్ళిపోయారు. నలభై రూపాయల పని. అప్పట్నుంచి అప్‌డేట్ కొడితే రీబూట్ చేసే లేస్తాను, పని రోజుల్లో కొట్టను.

అప్‌డేట్‌కి ముందు ఆర్చ్ వార్తల పేజీ చదవాలి. ఇది సలహా కాదు, పద్ధతి. 2025 జూన్‌లో లినక్స్-ఫర్మ్‌వేర్‌ని ముక్కలుగా విడదీశారు. పాతది తీసేసి కొత్తది పెట్టమని వార్తల్లో రెండు కమాండ్లు ఇచ్చారు. నేను చదవకుండా కొట్టాను, ఫైళ్ళు ఇప్పటికే ఉన్నాయంటూ ఎర్రగా తిట్టి ఆగిపోయింది. ఆగిపోవడమే మంచిదైంది, ఏదీ పాడవలేదు. వార్త చదివి ఆ రెండు కమాండ్లూ కొడితే రెండు నిమిషాల్లో అయిపోయింది.

ఏయూఆర్ అని ఇంకోటి ఉంది. అధికారిక ప్యాకేజీల్లో లేనివి వాడుకరులే తయారుచేసి పెట్టే చోటు. నా ప్రింటర్ డ్రైవరు అక్కడే దొరికింది. కానీ ఎవరైనా పెట్టొచ్చు అంటే ఎవరైనా అనే అర్థం. 2025 జులైలో బ్రౌజర్ల పేరుతో పెట్టిన మూడు ప్యాకేజీల్లో మాల్‌వేర్ ఉందని తేలి తీసేశారు. ప్రతి ప్యాకేజీకీ ఉండే పీకేజీబిల్డ్ అనే చిన్న ఫైలు చదివి, ఎక్కడినుంచి దింపుతోందో చూసుకుని మరీ పెట్టుకోండి. చదవడం రాదంటే దాని జోలికి పోకండి.

ఆర్చ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని వికీ, అంటే నెట్‌లో వాడుకరులే రాసి పెట్టిన సహాయ పేజీలు. వేరే లినక్స్ వాడేవాళ్ళు కూడా దాన్నే చదువుతారు. ఊరికే కమాండ్ ఇచ్చి వదలదు, ఎందుకో కూడా చెబుతుంది. ఇంగ్లీషే, కొంచెం పొడిగా ఉంటుంది, చదివినదే మూడుసార్లు చదవాలి. మన తెలుగులో అలాంటిది ఉంటే ఎంత బాగుండును అని చాలాసార్లు అనుకున్నాను.

మార్కులంటే, నాకైతే ఐదుకి నాలుగు. ఒకటి తగ్గించింది ఆ మొదటి రెండు వారాలకి. అక్టోబరు 14తో విండోస్ 10 సపోర్టు అయిపోయిందని మా వీధిలో ఇద్దరు ముగ్గురు పాత లాప్‌టాప్‌లు పట్టుకుని నన్ను అడిగారు. వాళ్ళకి ఆర్చ్ చెప్పలేదు. అన్నీ కూర్చి ఇచ్చే లినక్స్ మింట్ లాంటిది పెట్టుకోమన్నాను. ఇంట్లో రెండో మెషీన్ ఉండి, చదివే ఓపిక ఉండి, తన పనికి సరిపడా కీబోర్డు, ఫాంట్లు, ప్రింటర్ తానే బిగించుకుంటానన్న మొండితనం ఉన్నవాళ్ళకే ఇది. బ్యాటరీ ఉన్న మెషీనైతే ఇంకా మంచిది.

ఎక్కించినప్పుడు కొట్టిన ప్రతి కమాండూ, పడిన ప్రతి దెబ్బా పాప పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకున్నాను. పద్నాలుగు పేజీలు వచ్చాయి. పోయిన నెల పాతపట్నంలో నెట్ సెంటర్ నడిపే మా ఆడపడుచు గారి ఆయన వచ్చి, "అమ్మా, రెండ్రోజుల్లో తెచ్చిచ్చేస్తాను" అని పట్టుకెళ్ళారు. నిన్న ఫోన్ చేసి, కామాతో మొదలుపెట్టమని రాశావు, అది అచ్చు తప్పా అని అడిగారు. కాదు అన్నయ్యా, అది అలాగే ఉండాలి అన్నాను. పుస్తకం ఇంకా రాలేదు.